తాతకు 94, నాన్నకు 51కే స్టెంట్: తప్పు తిండిదా, పుట్టుకదా?

మీ ప్రశ్న చదవగానే మా ఓపీ గది గుర్తొచ్చింది. మాట కొంచెం అటూ ఇటూగా ఇదే ప్రశ్న నన్ను వందలమంది అడిగారు.

మీ తాతగారు పల్నాడులో 94 ఏళ్లు బతికారు. రోజూ నెయ్యి, పచ్చడి, భోజనం కాగానే చుట్ట. ఆస్పత్రి గడప తొక్కలేదు. మీ నాన్నగారు మందూ సిగరెట్టూ ముట్టని మనిషి, ఆయనకు 51కే స్టెంట్ పడింది. మీకిప్పుడు 34. "నాకు తాత పోలిక వచ్చిందా, నాన్న పోలిక వచ్చిందా? డీఎన్‌ఏ టెస్టు చేయించుకుంటే తెలుస్తుందా? రాత్రి భోజనం మానేస్తే ఆయుష్షు పెరుగుతుందంటున్నారు, మానెయ్యనా?" అని అడిగారు. నేను తెనాలి వైపు ముప్పై ఏళ్లకు పైగా జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు చేసి, ఈమధ్యే కాస్త తీరిక చేసుకున్న డాక్టర్ని. ఇప్పుడు ఓపీలో క్యూ లేదు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు తాతగారి సంగతి. ఆయనకు తోబుట్టువులు ఎంతమంది? వాళ్లలో అరవై దాటినవాళ్లెంతమంది? ఈ రెండూ మీరు రాయలేదు, బహుశా మీకు తెలియదు కూడా. నాకో అలవాటుండేది. కొత్త పేషెంటు వస్తే కేస్ షీటు వెనక వాళ్ల వంశవృక్షం గీసేవాణ్ణి. ఒకసారి 87 ఏళ్ల ముసలావిడ వచ్చింది, మోకాళ్ల నొప్పులు తప్ప ఏ జబ్బూ లేదు. "మీ ఇంట్లో అందరూ ఇలాగే గట్టివాళ్లా, అమ్మా?" అంటే వేళ్ల కణుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "మా అమ్మకు పదకొండు కాన్పులయ్యా. నిలిచింది నలుగురం. అమ్మవారు పోసి ఇద్దరు పోయారు, వాంతులూ బేదులూ పట్టుకుని ఇద్దరు, ఒకడు బాయిలో పడ్డాడు. ఇంకా ఇద్దరుండాల, వాళ్లకు పేర్లు కూడా పెట్టలేదు." పక్కనే నిలబడ్డ మనవడు మాత్రం నాతో ఏమన్నాడో తెలుసా? "పాతకాలం తిండి సార్, అందుకే అంత గట్టి!"

పేరు పెట్టకముందే పోయిన ఆ ఇద్దరూ తిన్నదీ పాతకాలం తిండే. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దగ్గర ఉండేది, ఇప్పుడు 70 దగ్గరకు వచ్చింది. ఆ జల్లెడలోంచి బయటపడి ముసలితనం చూసినవాళ్లు మామూలుగానే కాస్త గట్టిపిండాలు. వాళ్లను చూపించి "చుట్ట తాగినా ఏం కాలేదు" అనడం, లాటరీ తగిలినవాణ్ణి చూసి టికెట్లు కొనడంలాంటిది. చుట్ట వల్ల నోటిలోనో గొంతులోనో పుండు లేచి అరవైకే పోయినవాళ్ల గురించి ఏ మనవడూ గొప్పగా చెప్పుకోడు కదా.

(ఆ 94 ఎలా లెక్కేశారో కూడా ఒకసారి చూడండి. మా తరంలో సగంమందికి పుట్టినరోజు జూలై 1. బడిలో వేసేటప్పుడు పంతులుగారు రాసిన తేదీ అది. బడి మొహమే చూడనివాళ్ల వయసు గాలివానల్ని బట్టీ కరువుల్ని బట్టీ చెప్పిందే. మీ తాతగారు అబద్ధమాడారని కాదు. 94 అంటే 88 కావచ్చు, 96 కావచ్చు.)

ఇక జన్యువుల వాటా. డెన్మార్క్‌లో 1870 నుంచి 1900 మధ్య పుట్టిన 2,872 కవల జంటల ఆయుష్షును పోల్చి 1996లో ఒక లెక్క తీశారు. ఒకే అండం నుంచి పుట్టిన కవలలు, వేర్వేరు అండాల నుంచి పుట్టిన కవలలు ఎంత దగ్గర దగ్గరగా చనిపోయారన్నదే ఆ లెక్కకు మూలం. మగవాళ్లలో 26 శాతం, ఆడవాళ్లలో 23 శాతం అని తేలింది. "ఆయుష్షులో నాలుగో వంతు జన్యువులదే" అని మీరు ఎక్కడైనా చదివుంటే దాని పుట్టుక ఇదే. 2018లో అమెరికాలో కోట్లాదిమంది వంశవృక్షాలు కలిపి చూసినప్పుడు పది శాతం కూడా ఉండదన్నారు. ఎందుకు తగ్గిందంటే, ఆ లెక్కలో బావమరుదులు, వదినలు, తోడల్లుళ్ల ఆయుష్షులు కూడా ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. వీళ్ల మధ్య రక్తసంబంధం లేదు. మనిషి తనలాంటి చదువు, తనలాంటి డబ్బు, తనలాంటి తిండి ఉన్న ఇంట్లోనే సంబంధం చూసుకుంటాడు. అలా కుటుంబాల్లో కనిపించే దీర్ఘాయుష్షులో కొంత రక్తానిది కాదు, వంటింటిది. మేనరికాలు చేసుకునే మనకైతే రెండూ కలిసిపోయి ఏది ఏదో విడదీయడం ఇంకా కష్టం. అంటువ్యాధులు, ప్రమాదాల్లో పోయినవాళ్లను పక్కనపెట్టి లెక్కేస్తే జన్యువుల వాటా ఎక్కువే ఉంటుందని వాదించే శాస్త్రవేత్తలూ ఉన్నారు.

అయితే ఈ శాతాలను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. 25 శాతం అంటే మీ 80 ఏళ్లలో 20 ఏళ్లు జన్యువులు ఇచ్చాయని కాదు. ఒక ఊళ్లో కొందరు 60కి, కొందరు 90కి పోతున్నారే, ఆ హెచ్చుతగ్గులకు కారణాలు వెతికితే నాలుగో వంతు జన్యువుల్లో దొరుకుతుంది. అంతే. ఆ ఊళ్లో అందరూ ఒకే తిండి తిని ఒకే పని చేస్తే జన్యువుల శాతం పెద్దదిగా కనిపిస్తుంది. తిండిలో తేడాలు ఎక్కువైతే చిన్నదైపోతుంది. శాతం ఊరిది, మీ ఒక్కరిది కాదు.

ఇంకో మెలిక ఉంది. ఎనభై దాకా ఒక లెక్క, తొంభై అయిదు దాటాక ఇంకో లెక్క. అమెరికాలో అష్కెనాజీ యూదుల్లో (మధ్య, తూర్పు యూరప్ మూలాలున్న యూదులు) 95 దాటిన 477 మందిని అడిగి, వాళ్ల ఈడు మామూలు జనంతో పోల్చి 2011లో ఫలితాలు ప్రకటించారు. పొగ, మందు, బరువు, వ్యాయామం ఏది చూసినా ఈ ముసలివాళ్లు మిగతావాళ్లకంటే ఏమంత బుద్ధిమంతులు కాదు. మనుషుల్లో అందరికంటే ఎక్కువకాలం బతికినట్టు రికార్డుకెక్కిన ఫ్రాన్స్ దేశస్థురాలు జాన్ కాల్మాన్ 122 ఏళ్ల 164 రోజులు బతికి 1997లో పోయింది. ఆవిడ నూరు దాటాక కూడా సిగరెట్ కాల్చింది. ఇలాంటివాళ్లకు పుట్టుకతోనే ఏదో కవచం ఉంటుంది. మీకు ఆ కవచం ఉందో లేదో ముందే చెప్పే పరీక్ష లేదు. ఉందనుకుని సిగరెట్ వెలిగించడం మాత్రం పెద్ద జూదం.

ఇప్పుడు మీ నాన్నగారి దగ్గరకు వద్దాం. మీ ప్రశ్నలో అసలు సంగతి ఇక్కడుంది.

మగవాళ్లకు 55 లోపు, ఆడవాళ్లకు 65 లోపు గుండెజబ్బు వస్తే మేము దాన్ని బలమైన కుటుంబ చరిత్రగా రాసుకుంటాం. మీ నాన్నగారిది 51. కాబట్టి మీరు తాతను మరిచిపోయినా ఫర్వాలేదు కానీ నాన్నను మరిచిపోకూడదు. అలాగని ఇది తలరాత కూడా కాదు. ఇంటర్‌హార్ట్ అని 52 దేశాల్లో చేసిన అధ్యయనం ఒకటుంది. అందులో దక్షిణాసియావాళ్లకు మొదటి గుండెపోటు సుమారు 53 ఏళ్లకే వచ్చింది, మిగతావాళ్లకు దాదాపు 59కి. ఆరేళ్ల తేడా. జన్యువులే కారణమేమో అనుకుంటే, పొగ, బీపీ, షుగర్, కొవ్వులు, పొట్ట, పండ్లూ కూరగాయలూ తినకపోవడం, ఒళ్లు కదలకపోవడం లాంటి మామూలు కారణాలతోనే ఆ తేడా చాలావరకు లెక్కకు అందింది. మనవాళ్లకు అవి చిన్నవయసులోనే, ముందుగా మొదలవుతున్నాయి.

ముందుగా ఎందుకు మొదలవుతున్నాయంటే, అక్కడ మన శరీరం తీరు ఒకటి అడ్డొస్తుంది. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఫొటో వచ్చింది. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరికీ బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, ఒకటే, 22.3. చూడ్డానికి ఇద్దరూ సన్నగానే ఉన్నారు. ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! మన ఓపీల్లో రోజూ కనిపించే మనిషి ఈయనే. చేతులు సన్నం, కాళ్లు సన్నం, చొక్కా బొత్తాల దగ్గర చిన్న బొజ్జ. "నేను లావు లేను కదా సార్, షుగర్ ఎలా వస్తుంది?" అంటాడు. అందుకే మనవాళ్లకు బరువుకంటే నడుము కొలత ముఖ్యం. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. టేపు పొట్ట చుట్టూ పెట్టి కొలవాలి, ప్యాంటు సైజు చూసి చెప్పకూడదు. ప్యాంటు ఎప్పుడూ బొజ్జ కిందికే జారుతుంది.

మీ తాతగారిదీ దాదాపు ఇదే శరీరం. అయితే ఆయన తెల్లారకముందే అరక కట్టి, పొద్దెక్కేదాకా నడిచి, జొన్నన్నమో సంకటో తిన్నారు. నెయ్యి వేసుకున్నారు నిజమే, ఎంత? ఇంట్లో ఒకటో రెండో గేదెలు, పాలు సగం అమ్మకానికి, మిగిలినవాటి వెన్న కాచిన నెయ్యి పదిమందికి. మీ నాన్నగారికి వచ్చేసరికి జన్యువులు మారలేదు, పళ్లెం మారింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. అది లక్షల ఇళ్లలో ఆకలి తీర్చింది, దాన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు. జొన్న, సజ్జ తగ్గడానికి అదొక్కటే కారణమూ కాదు. కానీ ఒక తరంలోనే మెట్ట ప్రాంతం కూడా మూడు పూటలా పాలిష్ బియ్యానికి అలవాటుపడింది. అరక పోయి ఆఫీసు కుర్చీ వచ్చింది.

ఇలాంటి మార్పు మనకే వచ్చిందనుకోకండి. జపాన్‌లోని ఒకినావా దీవుల పేరు మీరు వినే ఉంటారు, నూరేళ్ల ముసలివాళ్లకు పేరు. 1949 ప్రాంతంలో వాళ్లు తినే తిండిలో మూడింట రెండు వంతుల శక్తి చిలగడదుంపల నుంచే వచ్చేది. తర్వాత అమెరికన్ సైనిక స్థావరాల ప్రభావంతో డబ్బాల మాంసం, హాంబర్గర్లు వచ్చాయి. 2000లో లెక్కలు తీస్తే, జపాన్‌లోని 47 ప్రాంతాల్లో ఒకినావా మగవాళ్ల ఆయుర్దాయం 26వ స్థానానికి జారింది. అదే రక్తం, అవే దీవులు. ముసలివాళ్లు ఇంకా గట్టిగానే ఉన్నారు, కొడుకులు ఆస్పత్రుల్లో ఉన్నారు. మీ ఇంటి కథే.

ఇక మన పళ్లెం. నేను పేషెంట్లను "అన్నం ఎంత తింటారు?" అని అడిగితే ఒకటే జవాబు, "కాస్తే సార్". నాకు విసుగొచ్చి ఒకసారి మా ఇంట్లోనే తూచి చూశాను. మన భోజనం కట్టుబాటే అలాంటిది. పప్పులోకి కాస్త, కూరలోకి కాస్త, చారులోకి కాస్త, చివర పెరుగులోకి కాస్త. పప్పులోకి పెట్టుకున్నది 130 గ్రాములు. కూరలోకి 110. చారులోకి, అది జారిపోతుంది కాబట్టి తెలియకుండానే 150. పెరుగన్నం ఇంకో 140. మొత్తం అర కిలోకు పైనే. బియ్యం లెక్కలో 180 గ్రాములు దాటుతుంది, అన్నం ఒక్కటే 600 కేలరీలకు పైమాట. అందులో నేను వేసుకున్న పప్పు రెండు గరిటెలు, అదీ నీళ్లపప్పు. కూర చూస్తే బెండకాయ ముక్కలు లెక్కపెట్టొచ్చు. మా ఆవిడ నవ్వి, "ఇన్నాళ్లూ పేషెంట్లను తిట్టింది ఇందుకేనా?" అంది.

ధాన్యాల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం దాటకూడదని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. మనలో చాలామందికి అది 60, 70 దాకా పోతుంది. ఈ సంస్థ కథ కూడా మీ ప్రశ్నకు దగ్గరదే. 1918లో కూనూరులో మెక్కారిసన్ అనే డాక్టరు మొదలుపెట్టిన చిన్న పరిశోధన గది అది, 1958లో హైదరాబాద్ వచ్చింది. ఆయన ఒకే జాతి ఎలుకల్ని గుంపులుగా విడదీసి, దేశంలో ఒక్కో ప్రాంతంవాళ్లు తినే తిండి ఒక్కో గుంపుకు పెట్టాడు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, ఆకుకూరలతో సిక్కుల తిండి తిన్న ఎలుకలు అన్నిటికంటే బాగా ఎదిగాయి. అట్టడుగున మిగిలినవి "మద్రాసీ" తిండి తిన్నవి. ఆ రోజుల్లో మద్రాసీ అంటే మనమూ అందులోవాళ్లమే. అది ఎదుగుదల లెక్క, ఆయుష్షు లెక్క కాదు, నిజమే. అయినా వందేళ్ల కిందటే ఎలుకలు చెప్పాయి, తెల్లన్నం ఎక్కువ, తక్కినవన్నీ తక్కువ అయితే కుదరదని.

కాబట్టి మీకు నా మొదటి సలహా, నాలుగు "కాస్త"ల్ని రెండు చేయండి. పప్పును గట్టిపప్పు చేసి, అన్నం కంటే ముందు కూర పళ్లెంలో పడేలా చూడండి. చారు గ్లాసులో పోసుకుని తాగండి. పెరుగు విడిగా తినండి. జొన్నరొట్టె, రాగి తింటే మంచిదే, కానీ మిల్లెట్ బిస్కెట్లూ మిల్లెట్ నూడుల్సూ కొని ఆరోగ్యం కొన్నాననుకోకండి, వాటిలో మైదా, పంచదార ఎంతుందో వెనక చిన్నక్షరాల్లో చదవండి. ఆవకాయ మానమనను. గుంటూరు జిల్లాలో ప్రాక్టీసు చేసి ఆ మాట అంటే నన్ను ఊళ్లోకి రానివ్వరు. రోజుకు ఉప్పు 5 గ్రాములకు మించొద్దంటారు, ఒక చెంచాడు. రెండు పూటలా పచ్చడి, మధ్యలో వడియాలు, మజ్జిగలో ఉప్పు అంటే ఆ చెంచా ఎప్పుడో దాటేశారు. ఒక పూట, ఒక రకం, అంతే.

ఇప్పుడు ఉపవాసం సంగతి. ఇది మీరు అడిగిన తీరు చూస్తే ఎవరో వీడియోలో గట్టిగా చెప్పినట్టున్నారు.

తిండి తగ్గిస్తే ఆయుష్షు పెరుగుతుందన్నది కొత్త మాట కాదు. 1935లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో మెకే ఎలుకల మీద చూపించాడు. తర్వాత పురుగులు, ఈగలు, చిట్టెలుకల్లోనూ అదే కనిపించింది. 1993లో సింథియా కెన్యన్ అనే శాస్త్రవేత్త ఒక చిన్న పురుగులో డాఫ్-2 అనే ఒక్క జన్యువును దెబ్బతీస్తే దాని ఆయుష్షు రెట్టింపైంది. ఆ జన్యువు చేసే పనేమిటో తెలుసా? ఇన్సులిన్ లాంటి సంకేతాన్ని అందుకోవడం, అంటే "తిండి దొరికింది, ఎదుగు" అనే కబురు మొయ్యడం. తిండీ జన్యువులూ రెండు వేర్వేరు దారులు కావని నాకు బాగా అర్థమైంది అప్పుడే. తిండి తలుపు తడుతుంది, జన్యువు తలుపు తీస్తుంది. కొందరి తలుపు చిన్నగా తడితే చాలు తెరుచుకుంటుంది, కొందరిది బాదినా కదలదు.

అందుకే ఉపవాసం అందరికీ ఒకేలా పనిచేయదు. 2010లో 41 రకాల చిట్టెలుక వంశాలకు తిండి 40 శాతం తగ్గించి చూశారు. కొన్ని వంశాల ఆయుష్షు పెరిగింది, అంతకంటే ఎక్కువ వంశాల్లో తగ్గింది! అదే తిండి, అదే కోత. 2024లో ఇంకా పెద్ద ప్రయోగం వచ్చింది, జన్యువుల్లో ఒకదానికొకటి పోలికలేని 960 ఆడ చిట్టెలుకల మీద. సగటున తక్కువ తిన్నవి ఎక్కువకాలం బతికాయి. అయితే ఏ ఎలుక ఎంతకాలం బతికిందన్నది తిండికంటే పుట్టుకమీదే ఎక్కువ ఆధారపడింది. పైగా తిండి తగ్గించినా బరువు పెద్దగా తగ్గకుండా నిలబెట్టుకున్న ఎలుకలే ఎక్కువకాలం బతికాయి. సన్నబడిపోవడమే ఆరోగ్యం అనుకునేవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి.

కోతుల కథ ఇంకా విచిత్రం. అమెరికాలో రెండుచోట్ల ఇరవై ఏళ్లకు పైగా రీసస్ కోతులకు తిండి తగ్గించి చూశారు. విస్కాన్సిన్‌లో ఆయుష్షు పెరిగిందన్నారు, జాతీయ వృద్ధాప్య సంస్థవాళ్లు మాకు పెరగలేదన్నారు. తీరా చూస్తే విస్కాన్సిన్ కోతుల తిండిలో 28 శాతానికి పైగా పంచదార, రెండోచోట 4 శాతం. విస్కాన్సిన్‌లో మామూలు గుంపు కోతులు కడుపు పట్టినంత తిన్నాయి, రెండోచోట వాటికీ కొంత హద్దు పెట్టారు. చెత్త తిండి తెగ తినేవాడు తగ్గిస్తే బాగుపడతాడు, ముందే సరిగ్గా తినేవాడికి ఇంకా తగ్గిస్తే కలిసొచ్చేది కొంచెమే. నా ముప్పై ఏళ్ల అనుభవమూ అదే.

మనుషుల మీద కాలరీ అనే పేరుతో రెండేళ్లు ప్రయోగం చేశారు. పాతిక శాతం తిండి తగ్గించమంటే జనం 12 శాతమే తగ్గించగలిగారు (మనిషి ఎక్కడైనా మనిషే). ముసలితనం వచ్చే వేగాన్ని రక్తంలో కొలిచే పద్ధతుల్లో ఒకదాని ప్రకారం ఆ వేగం 2, 3 శాతం తగ్గింది. మిగతా పద్ధతుల్లో తేడా కనిపించలేదు. వాళ్ల ఆయుష్షు పెరిగిందా అంటే ఇంకో నలభై ఏళ్లు ఆగాలి.

మీ మాటకొస్తే, రాత్రి పదింటికి బిర్యానీ తెప్పించుకునే అలవాటుంటే అది మానండి, ఏడింటికల్లా తేలిగ్గా తినెయ్యండి. మన పెద్దలు చేసిన ఒక్కపొద్దులకూ ఏకాదశులకూ నేను అడ్డు చెప్పను. అయితే షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా లంకణాలు చేయొద్దు. గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకుని శనివారం ఒక్కపొద్దున్న ఒకాయన్ని మధ్యాహ్నం పన్నెండుకు నా దగ్గరకు మోసుకొచ్చారు. ఒళ్లంతా చెమట, మాట తడబాటు, ఇంట్లోవాళ్లు పక్షవాతమనుకున్నారు. షుగర్ 38. గ్లూకోజ్ ఎక్కించిన అయిదు నిమిషాలకు లేచి కూర్చుని "స్వామికి కొబ్బరికాయ కొట్టారా?" అని అడిగాడు. ఆయన అదృష్టవంతుడు. మీ నాన్నగారికి షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు, ఉంటే ఈ పేరా ఆయనకు చదివి వినిపించండి.

ముసలితనంలో తక్కువ తినాలన్న మాట కూడా సగమే నిజం. డెబ్బై దాటాక నన్ను భయపెట్టేది లావు కాదు, కండ కరిగిపోవడం. పళ్లు ఊడిపోయి, "నాకెందుకులే" అని రెండు పూటలా పెరుగన్నంతో సరిపెట్టుకునే అమ్మమ్మలు బాత్‌రూంలో జారిపడి తుంటి విరుచుకుంటారు. ఆ తర్వాత మంచం దిగనివాళ్లను ఎంతమందిని చూశానో లెక్కలేదు. వాళ్లకు రోజూ గుడ్డు, తినకపోతే గట్టిపప్పు, పనీరు, పాలు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం పదిసార్లు. మీ ఇంట్లో నానమ్మ ఉంటే మీ డైటు ఆవిడకు అంటగట్టకండి.

చివరిగా డీఎన్‌ఏ టెస్టు. "దీర్ఘాయుష్షు జన్యువు" అంటూ ఇంటికి కిట్ పంపే కంపెనీలకు డబ్బు కట్టొద్దు. నిజంగా ఆయుష్షుతో ముడిపడ్డాయని పదేపదే తేలిన జన్యువులు చాలా తక్కువ, ఏపీఓఈ, ఫాక్సో3 లాంటివి, వాటి ప్రభావం కూడా ఒక్కొక్కటిగా చూస్తే చిన్నదే. మనవాళ్లకు ప్రత్యేకంగా తెలిసినవి లేకపోలేదు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న పరిశోధనలో 2009లో బయటపడిందేమంటే, గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 డీఎన్‌ఏ అక్షరాలు ఊడిపోయిన రూపం మన ఉపఖండంలో నూటికి నలుగురిలో ఉంది. అది పెద్దవయసులో గుండె బలహీనపడే ప్రమాదాన్ని పెంచుతుంది. మీ నాన్నగారిది రక్తనాళం పూడుకుపోవడం కాబట్టి, ఆయన కేసులో నేను ముందు అనుమానించేది దాన్ని కాదు, లైపోప్రోటీన్-ఏ అనే కొవ్వును.

దాని గురించి మీరు తప్పకుండా తెలుసుకోవాలి. దాదాపు ఐదుగురిలో ఒకరికి అది ఎక్కువగా ఉంటుంది. చాలావరకు పుట్టుకతో నిర్ణయమైపోతుంది, నెయ్యి మానినా, నడిచినా కదలదు. సన్నగా, మందూ సిగరెట్టూ లేని మనిషికి యాభైకే గుండెపోటు వస్తే మేము వెతికేవాటిలో ఇదొకటి. మామూలు కొలెస్ట్రాల్ రిపోర్టులో ఇది ఉండదు, విడిగా రాయించుకోవాలి. జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు. ఎక్కువుంటే దాన్నే తగ్గించడం ఇప్పటికి కష్టం. అందుకని చేతిలో ఉన్న మిగతావాటిని, ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్), బీపీ, షుగర్, నడుము, గట్టిగా పట్టుకుంటాం. దానికి ఫలితముంటుందా అంటే ఉంటుంది. గుండెజబ్బు జన్యువుల భారం బాగా ఎక్కువున్నవాళ్లలో కూడా పొగ మాని, బరువు అదుపులో పెట్టి, కదులుతూ, సరిగ్గా తిన్నవాళ్లకు ప్రమాదం 46 శాతం తక్కువని 2016లో తేలింది. దాదాపు సగం.

కాబట్టి కిట్ డబ్బుతో ఇవి చేయించండి: లైపోప్రోటీన్-ఏ, లిపిడ్ ప్రొఫైల్ (మామూలు కొలెస్ట్రాల్ పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), బీపీ. ఎల్‌డీఎల్ 190 దాటితే అది తిండితో మాత్రమే వచ్చింది కాకపోవచ్చు, వంశపారంపర్య కొలెస్ట్రాల్ ఉందేమో డాక్టరు చూస్తారు. నాన్నగారు స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) వేసుకుంటుంటే దాన్ని మాత్రం "జొన్నరొట్టె తింటున్నాం కదా" అని ఆపించొద్దు. అలా ఆపి రెండో స్టెంటుకు వచ్చినవాళ్లు నాకు బాగా తెలుసు.

నానమ్మ ఉంటే, ఈ ఆదివారం పక్కన కూర్చుని తాతగారి తోబుట్టువుల పేర్లు, ఎవరు ఏ వయసులో, దేనితో పోయారో ఒక కాగితం మీద రాయించుకోండి. "ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు", "కాళ్లు వాచి ఆయాసంతో పోయాడు", ఆవిడ మాటల్లోనే రాయండి, జబ్బు పేర్లు నేను పెట్టుకుంటాను. ఆ కాగితం, మీ రిపోర్టులు కలిపి పంపండి. మీకో తమ్ముడున్నాడని రాశారు కదా, లైపోప్రోటీన్-ఏ మీకు ఎక్కువొస్తే అతనికీ చేయించాలి.